పొరలను ఏకం చేసిన శాస్త్రవేత్త – బేక్‌లాండ్

విద్యుచ్ఛక్తి వాడుకలోకి వచ్చిన తొలి దశాబ్దాలలో, దానిని అదుపులో ఉంచడానికి ప్రకృతి ప్రసాదించిన వస్తువులే శరణ్యమయ్యాయి. వాటిలో అభ్రకం, లక్క ముఖ్యమైనవి. నెల్లూరు సీమలోని గూడూరు పరిసరాలలో లభించే అభ్రకాన్ని కాగితం కంటె పలుచని రేకులుగా చీల్చవచ్చు. ఆ రేకులను అతికి పలకలుగా చేయడానికి లక్క తోడ్పడేది. అయితే చిన్న పురుగులు స్రవించే లక్క, పెరుగుతున్న పరిశ్రమల అవసరాలను ఎంతకాలమని తీర్చగలదు? ఈ ప్రశ్నకు సమాధానం అన్వేషించిన రసాయన శాస్త్రవేత్త లియో హెండ్రిక్ బేక్‌లాండ్.

ఆయన 1863 నవంబరు 14న బెల్జియంలోని ఘెంట్ నగరంలో ఒక నిరుపేద కుటుంబంలో జన్మించాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు. తల్లి ఇతరుల ఇళ్లలో పనిచేసేది. తల్లి ప్రోత్సాహంతో, విద్యార్థి వేతనంతో చదువు సాగించి 1884లో డాక్టరేటు పొందాడు. 1889లో తన గురువు కుమార్తె సెలీన్‌ను వివాహమాడి అమెరికా చేరాడు. అక్కడ ఒకేసారి అనేక పరిశోధనలు చేపట్టి, అనారోగ్యానికీ ఆర్థిక సంక్షోభానికీ గురయ్యాడు. కోలుకున్న పిదప ఒకే లక్ష్యంపై దృష్టి నిలిపి, దీపకాంతిలోనే ఛాయాచిత్రాలను ముద్రించగల 'వెలాక్స్' కాగితాన్ని రూపొందించాడు. 1899లో దాని హక్కులను ఈస్ట్‌మన్ సంస్థకు విక్రయించి సంపన్నుడయ్యాడు.

సంపద లభించినా ఆయన విశ్రమించలేదు. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిసినప్పుడు ఏర్పడే జిగురు పదార్థం గాజుపాత్రలకు అంటుకొని వదిలేది కాదు. పూర్వపు శాస్త్రవేత్తలు దానిని పనికిరానిదని విడిచిపెట్టారు. బేక్‌లాండ్ ఆ మొండితనంలోనే ప్రయోజనాన్ని దర్శించాడు. మొదట దానితో చెక్కను గట్టిపరచాలని ప్రయత్నించి సఫలుడు కాలేకపోయాడు. చివరకు 1907లో ఉష్ణాన్నీ పీడనాన్నీ తగిన పాళ్లలో ప్రయోగించి 'బేకలైట్'ను సృష్టించాడు. లక్క వేడికి కరుగుతుంది. బేకలైట్ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు.

ఈ జిగురులో తడిపిన కాగితాలనో, వస్త్రాలనో దొంతరగా పేర్చి వేడిగా అదిమితే, పొరలన్నీ కలిసి ఒకే దృఢమైన పలకగా మారతాయి. 1912లో ఓకానర్, ఫేబర్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఈ మార్గంలోనే అభ్రకానికి ప్రత్యామ్నాయాన్ని రూపొందించారు. 'అభ్రకానికి బదులు' అనే అర్థం స్ఫురించే విధంగా దానికి 'ఫార్మైకా' అని పేరు పెట్టారు. నేడు మన ఇళ్లలో బల్లలపై అతికే సన్‌మైకా రేకులు ఈ కోవకు చెందినవే. సన్నని చెక్క పొరలను అతికి, నీటికి చెడని ప్లైవుడ్ తయారుచేయడానికీ ఈ జాతి జిగురే ఆధారమైంది.

1939లో తన సంస్థను యూనియన్ కార్బైడ్‌కు విక్రయించిన బేక్‌లాండ్, 1944 ఫిబ్రవరి 23న మరణించాడు. ఆయన కలిపిన పొరలను తిరిగి విడదీయడం దుస్సాధ్యం. ఆ బంధమే బేకలైట్‌కు బలం. కరిగించి పునర్వినియోగించలేని వ్యర్థాలను మిగిల్చినదీ ఆ బంధమే. పూర్వులు పారవేసిన దానిలో ఆయన ప్రయోజనాన్ని కనుగొన్నాడు. ఇప్పుడు మిగిలిన వ్యర్థాలకు ప్రయోజనాన్ని కనుగొనడం నేటి యువతరం ముందున్న కర్తవ్యం.