గీతాంజలి అంకితం అందుకున్న చిత్రకారుడు విలియం రోథెన్‌స్టైన్

జంషెడ్‌పూర్‌లోని టెల్కో కాలనీలో తెలుగు, బెంగాలీ కుటుంబాలు చాలాకాలంగా ఇరుగుపొరుగున నివసిస్తున్నాయి. ఒకరు చలం అనువాదంలో, మరొకరు రవీంద్రనాథ్ ఠాగూర్ మాటల్లో చదువుకున్న గీతాంజలి ఇరువురికీ ఆత్మీయమైన కావ్యమే. అయితే ఆంగ్ల గీతాంజలిని కవి ఎవరికి అంకితమిచ్చారో ఎరిగినవారు తక్కువ. ఆ గౌరవం దక్కినది విలియం రోథెన్‌స్టైన్ అనే ఆంగ్ల చిత్రకారునికి. జర్మనీ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టిన ఆయన, ఇతరుల ప్రతిభను ముందుగా గుర్తించి లోకానికి చూపడంలో జీవితంలో పెద్ద భాగాన్ని వెచ్చించారు.

రోథెన్‌స్టైన్ 1872 జనవరి 29న ఇంగ్లాండులోని బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో జన్మించారు. తండ్రి మోరిట్జ్ ఉన్ని వర్తకుడు. ఆ ఇంట యూదు మతాచారాల పట్టింపు తక్కువ. కుమారుని దృష్టి చిన్ననాటి నుంచే బొమ్మలపై నిలిచింది. పదహారేళ్ల వయసులో లండన్‌లోని స్లేడ్ చిత్రకళా పాఠశాలలో చేరి, మరుసటి ఏడు పారిస్‌లోని జూలియన్ అకాడమీకి వెళ్లారు. అక్కడ విస్లర్, డెగా, తులూజ్-లోత్రెక్ వంటి మహామహుల పరిచయం లభించింది. ఇంప్రెషనిజానికి పెద్ద దిక్కుగా నిలిచిన కామీ పిస్సారో సైతం యూదు సంతతివారే. ఆయనను కూడా యువ రోథెన్‌స్టైన్ దగ్గరగా చూశారు.

1893లో స్వదేశానికి మరలిన తరువాత ఆయనకు పేరు తెచ్చినది శిలాముద్రణ కళ. నున్నని రాతిపలకపై జిడ్డు పెన్సిలుతో గీసిన బొమ్మను సిరాతో కాగితంపైకి దించే ఈ పద్ధతిలో, ఆక్స్‌ఫర్డ్ ప్రముఖుల రూపచిత్రాలు 24 రూపొందించారు. మనిషి ముఖాన్ని కొద్దిపాటి గీతలతో పట్టుకునే నేర్పు నాటి నుంచి ఆయన సొత్తయింది. తైలవర్ణాలలో వేసిన ‘ది డాల్స్ హౌస్’ చిత్రానికి 1900 నాటి పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో రజత పతకం లభించింది.

తూర్పు ఐరోపాలో హింసకు గురై పారిపోయి వచ్చిన యూదులు ఆనాడు లండన్ తూర్పు వాడల్లో తలదాచుకుంటున్నారు. వారి రాకను అరికట్టేందుకు బ్రిటన్ 1905లో విదేశీయుల చట్టం చేసింది. సరిగ్గా ఆ కాలంలోనే రోథెన్‌స్టైన్ బ్రిక్ లేన్‌లోని యూదు ప్రార్థనా మందిరంలో అడుగుపెట్టి, ఆ నిరుపేద భక్తులను వరుసగా చిత్రించారు. వార్తాపత్రికలు భారంగా చూపిన మనుషులు ఆయన పటాలలో గంభీరంగా, నిండుగా కనిపిస్తారు. వాటిలో ఒకటైన 1906 నాటి ‘ప్రార్థనా మందిరంలో దుఃఖిస్తున్న యూదులు’ నేడు టేట్ గ్యాలరీ సేకరణలో ఉంది. పూర్వం ఫ్రెంచి శరణార్థుల చర్చిగా వెలసిన ఆ మందిరం, కాలక్రమంలో బెంగాలీ ముస్లింల మసీదుగా మారింది.

భారతదేశంతో ఆయన అనుబంధం ఒక వివాదంతో బలపడింది. 1910 జనవరిలో లండన్‌లో భారతీయ కళపై ఇ.బి. హేవెల్ ప్రసంగించిన సభకు అధ్యక్షత వహించిన సర్ జార్జ్ బర్డ్‌వుడ్, ధ్యాన బుద్ధుని విగ్రహాన్ని ఉడికించిన పుడ్డింగుతో పోల్చి ఎద్దేవా చేశారు. దానిని ఖండిస్తూ 13 మంది టైమ్స్ పత్రికకు రాసిన లేఖపై రోథెన్‌స్టైన్ సంతకం చేశారు. అదే ఏడు ఏర్పడిన ఇండియా సొసైటీ వ్యవస్థాపకులలో ఆయన ఒకరు.

ఆ ఏడాది చివరిలోనే ఆయన భారతయాత్రకు బయలుదేరారు. అజంతా గుహలను దర్శించి, కాశీ ఘాట్లలో చిత్రాలు వేశారు. 1911 ఆరంభంలో కలకత్తాలోని జొరాసంకో భవనంలో చిత్రకారులైన అవనీంద్రనాథ్, గగనేంద్రనాథ్‌లను కలుసుకున్నారు. వారి పినతండ్రి ఒక పక్కన మౌనంగా కూర్చుని ఉండేవారు. ఆ ముఖవర్చస్సుకు ముగ్ధుడైన రోథెన్‌స్టైన్ ఆయన బొమ్మ గీసుకున్నారు. అంతటి మహాకవి తన ఎదుట ఉన్నారని అప్పటికి ఆయనకు తెలియదు.

1912 వేసవిలో రవీంద్రుడు లండన్ చేరుకున్నారు. స్వయంగా ఆంగ్లంలోకి తెచ్చుకున్న కవితల రాతప్రతి ఉన్న సంచిని కుమారుడు రథీంద్రనాథ్ భూగర్భ రైలులో మరచిపోయారు. పోయిన వస్తువుల కార్యాలయంలో అది దొరకకపోయి ఉంటే చరిత్ర మరోలా ఉండేది. ఆ ప్రతిని అందుకున్న రోథెన్‌స్టైన్ వెంటనే చదివి, టైపు చేయించి, కవి యేట్స్‌కు, మరికొందరు సాహితీవేత్తలకు పంపారు. హాంప్‌స్టెడ్‌లోని తన ఇంట కవితాపఠనం ఏర్పాటు చేశారు. ఇండియా సొసైటీ నవంబరులో 750 ప్రతులు ముద్రించింది. పీఠిక యేట్స్‌ది, ముఖచిత్రం రోథెన్‌స్టైన్‌ది. ఏడాది తిరిగేసరికి నోబెల్ బహుమతి రవీంద్రుని వరించింది.

కీర్తి వెంటే అపవాదు వచ్చింది. ఆ ఆంగ్లం యేట్స్ దిద్దినదేనని కొందరు ప్రచారం చేశారు. రోథెన్‌స్టైన్ తన స్వీయచరిత్రలో దానిని తోసిపుచ్చారు. మార్పులు స్వల్పమని, తన వద్దనున్న రాతప్రతే అందుకు సాక్ష్యమని స్పష్టం చేశారు. ఆ రాతప్రతి నేడు హార్వర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉంది.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జర్మన్ పేరున్నవారిపై బ్రిటన్‌లో అనుమానం ప్రబలింది. సోదరులు చార్లెస్, ఆల్బర్ట్ తమ ఇంటిపేరును రూథర్‌స్టన్‌గా మార్చుకున్నారు. విలియం మాత్రం మార్చుకోలేదు. ఆ పేరుతోనే ఫ్రాన్స్ రణరంగానికి వెళ్లి అధికార చిత్రకారునిగా పనిచేశారు. 1920 నుంచి 1935 వరకు రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌కు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. హెన్రీ మూర్ అనే గని కార్మికుని కుమారునిలో మహాశిల్పిని గుర్తించి, అధ్యాపకునిగా నియమించారు. 1931లో సర్ బిరుదు పొందారు. రెండవ ప్రపంచయుద్ధంలో వృద్ధాప్యాన్ని లెక్కచేయక వైమానిక దళ యువకుల రూపచిత్రాలు గీశారు.

1945 ఫిబ్రవరి 14న గ్లోస్టర్‌షైర్‌లోని ఫార్ ఓక్‌రిడ్జ్‌లో ఆయన కన్నుమూశారు. కొత్త పోకడల హోరులో ఆయన వర్ణచిత్రాలు క్రమంగా మరుగున పడ్డాయి. ఆయన గీసిన ముఖచిత్రాలు మాత్రం లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో పెద్ద సంఖ్యలో నిలిచి ఉన్నాయి. ఆంగ్ల గీతాంజలి తెరిచిన ప్రతిసారీ మొదట ఎదురయ్యే పేరు నేటికీ ఆయనదే.