బేతాళుణ్ణి నమ్మని బేతాళ కథకుడు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని మన కార్యదర్శి గారు కోరగానే నాకు కీ.శే. కొడవటిగంటి కుటుంబరావు గారు జ్ఞప్తికి వచ్చారు. ఆయనను నేనెన్నడూ చూడలేదు. కాని ఆయన విషయంలో ఒక పొరపాటు చేశాను. అది ఒప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

1972లో జనగామలో ఉపాధ్యాయునిగా ఉండగా, లెక్కల పుస్తకం మధ్య చందమామ పెట్టుకుని చదువుతున్న పిల్లవాణ్ణి పట్టుకున్నాను. దయ్యాలు, మాంత్రికులు బుర్ర పాడు చేస్తాయని కోప్పడి పుస్తకం లాక్కున్నాను. తిరిగి ఇవ్వలేదు.

తరువాత మానుకోటకు బదిలీ అయ్యాను. అక్కడ గ్రంథాలయంలో 'చదువు' నవల చదివాను. బడి చదువులోని డొల్లతనాన్ని అంత నిక్కచ్చిగా చూపిన రచయిత ఎవరా అని ఆరా తీస్తే, చందమామ కథలను తీర్చిదిద్దే కుటుంబరావు గారే అని తెలిసి ఆశ్చర్యపోయాను.

ఆయన 1909 అక్టోబరు 28న తెనాలిలో జన్మించారు. చిన్ననాడే తల్లిదండ్రులను పోగొట్టుకున్నారు. విజయనగరంలో భౌతికశాస్త్రంతో బి.ఎ. చేసి, కాశీలో ఎమ్మెస్సీలో చేరారు. ఆర్థిక మాంద్యం రోజులు కావడంతో ఆ చదువు మధ్యలోనే ఆగిపోయింది. హేతువాది, మార్క్సిస్టు. 1970లో ఏర్పడిన విరసంలో ప్రముఖ పాత్ర వహించారు.

నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో మద్రాసులో ప్రారంభించిన చందమామలో ఆయన 1952లో చేరారు. 1980 ఆగస్టు 17న కన్నుమూసే వరకు, 28 ఏళ్లు అక్కడే పనిచేశారు. దాసరి సుబ్రహ్మణ్యం గారి మాంత్రికుల సీరియళ్లు, చిత్రా గారి రాకాసి బొమ్మలు, శంకర్ గారు గీసిన శవం భుజాన వేసుకున్న విక్రమార్కుడు, అన్నీ ఆ పత్రికలోనివే. పాత బేతాళ కథలు పాతికే. అవి అయిపోయాక కూడా కొత్త కథలకు ఆ చట్రం తొడిగి నడిపించారు. ఆ కథల కింద ఆయన పేరు ఉండేది కాదు.

దయ్యాలను నమ్మని మనిషి దయ్యాల కథలు ఎందుకు వ్రాసినట్లు? దీనికి జవాబు నాకు భూపాలపల్లి దగ్గరి ఒక పల్లెలో దొరికింది. ఊళ్లో జ్వరాలు వచ్చాయి. ఒంటరి ముసలమ్మ బాణామతి చేసిందని గుసగుసలు మొదలయ్యాయి. ఆ వారం నేను తరగతిలో బేతాళ కథ చదివి, రాజు జవాబు చెప్పే చోట ఆపి, మీరే చెప్పండర్రా అన్నాను. పిల్లలు పోటీపడి కారణాలు వెదికారు. మరి జ్వరాలకు కారణమేమిటని అడిగాను. కాసేపు ఎవరూ పలకలేదు. చివరకు వెనుక బెంచీ పిల్ల బావి నీళ్ల సంగతి ఎత్తింది. ఊరంతా ఒక్కరోజులో మారిందని చెప్పను. ముసలమ్మ మీద మాత్రం ఎవరూ చెయ్యి చేసుకోలేదు.

కథలో బేతాళుడు ఉన్నాడు గాని, కథ అడిగేది భయాన్ని కాదు, తర్కాన్ని. ఆ కిటుకు కుటుంబరావు గారికి బాగా తెలుసు.

ఈ మూడు ఊళ్లూ 2016లో మూడు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. చందమామ రావడం ఆగిపోయింది. జనగామ పిల్లవాడి సంచిక నా బీరువాలోనే ఉండిపోయింది. మీ ఇళ్లలో పాత సంచికలుంటే మనవలకు చదివి వినిపించండి. ప్రశ్న దగ్గర మాత్రం తప్పక ఆగండి.