ఈ నెల మహనీయుడు: సర్ ఆర్థర్ కాటన్ - గెలిచిన ఆనకట్ట, నష్టపోయిన కంపెనీ



మన భద్రాచలం దాటి పాపికొండల మధ్యగా సాగే గోదావరి ధవళేశ్వరం దగ్గర కాలువల్లోకి మళ్లుతుంది. ఆ నీటిని మళ్లించినవారు కాటన్ దొర అని పిల్లలు పాఠాల్లో చదువుతారు. ఆయన సమర్థించిన మరో కాలువ, కంపెనీ చేతిలో నష్టపోయిన కథ మాత్రం చాలామందికి తెలియదు. ఈసారి రెండూ చెప్పుకుందాం.

ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లండ్‌లో పుట్టారు. 1821లో సైనిక ఇంజనీరుగా మద్రాసు చేరి, తంజావూరు ప్రాంతంలో కావేరి, కొల్లిడం నదుల మీద పని నేర్చుకున్నారు. కరువులు, తుపానులతో చితికిపోయిన గోదావరి జిల్లాను చూసి, నదికి ఆనకట్ట కట్టాలని ప్రభుత్వాన్ని ఒప్పించారు. 1847లో మొదలైన పని 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట లేచింది. ఈ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచిన తెలుగువారు వీణెం వీరన్న. డెల్టా పచ్చబడింది. 1861లో కాటన్‌కు సర్ బిరుదు దక్కింది.

ఈ విజయం చూసి లండన్‌లో పెట్టుబడిదారులకు ఆశ పుట్టింది. ప్రభుత్వం దాకా ఎందుకు, వాటాలు అమ్మి మనమే కాలువ తవ్వి, రైతులకు నీళ్లమ్మి లాభం తీయవచ్చు కదా అనుకున్నారు. అలా 1858లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడింది. కాటన్ ఈ ఆలోచనను గట్టిగా సమర్థించారు. పది లక్షల పౌండ్ల పెట్టుబడికి ఏటా 5 శాతం వడ్డీ ఇస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా సుమారు 300 కిలోమీటర్ల కాలువ తవ్వారు. అదే నేటి కె.సి. కెనాల్.

ఖర్చు అంచనాలు దాటింది. ప్రభుత్వమే అప్పు ఇవ్వాల్సి వచ్చింది. తీరా నీళ్లు వచ్చాక కొనేవారు తక్కువయ్యారు. అక్కడివి చాలావరకు నల్లరేగడి నేలలు. వానకే జొన్న, పత్తి పండుతుంటే డబ్బు కట్టి నీళ్లు పెట్టడం దేనికని రైతులు అనుకున్నారు. వానలు ఎగ్గొట్టిన ఏడాదే కాలువ గుర్తొచ్చేది. కంపెనీ నిలదొక్కుకోలేదు. 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది.

ఇలాంటి దెబ్బ తిన్నది మన దగ్గర కంపెనీ ఒక్కటే కాదు. 1890లలో అమెరికాలోని వయోమింగ్‌లో బఫెలో బిల్ కోడీ, జార్జ్ బెక్ భాగస్వాములుగా కాలువ కంపెనీ పెట్టారు. ఆశించినంతమంది రైతులు వచ్చి స్థిరపడలేదు. తర్వాత అక్కడ పెద్ద డ్యామును ప్రభుత్వమే కట్టింది.

కాటన్ మాత్రం నీటి మీద నమ్మకం వదులుకోలేదు. 1876-78 కరువు తర్వాత కూడా, రైళ్లకన్నా కాలువలే ప్రజల ప్రాణం కాపాడతాయని బ్రిటిష్ పార్లమెంటు సంఘం ముందు వాదించారు. 1899లో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. కంపెనీకి లాభం ఇవ్వని కె.సి. కెనాల్ ఈనాటికీ రాయలసీమలో పొలాలను తడుపుతోంది.

ఏ నేలకు ఎప్పుడు నీళ్లు కావాలో పెనుబల్లి చుట్టుపక్కల వ్యవసాయం చేసే తల్లిదండ్రులకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆనాటి కంపెనీ నీళ్లను లెక్కేసింది, వడ్డీని లెక్కేసింది. రైతు అవసరాన్ని మాత్రం సరిగ్గా లెక్కేయలేదు. ఈ సెలవుల్లో వీలైతే పిల్లల్ని ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియానికి తీసుకెళ్లండి. ఆనకట్ట ఎందుకు గెలిచిందో, కంపెనీ ఎందుకు నష్టపోయిందో వాళ్లనే అడగండి. మార్కులు తగ్గినప్పుడు కూడా మందలించే ముందు ఇదే ప్రశ్న వేయండి: మన లెక్కలో ఏది వదిలేశాం?