సర్ పీటర్ స్కాట్

దక్షిణ ధ్రువమునుండి మరలుచు 1912 సం॥న మంచులో మృతినొందిన కెప్టెన్ స్కాట్ గారి యేకైక పుత్రుడే పీటర్ స్కాట్. అప్పటి కీతనికి మూడేండ్లైన నిండలేదు. బాలునకు ప్రకృతిశాస్త్రమునం దాసక్తి కలిగింపుమని తండ్రి తన కడపటి లేఖలో భార్యను కోరియుండెను.

ఆ యాసక్తి తుపాకితో వచ్చినది. కేంబ్రిడ్జిలో చదువు దినములలో పీటరు శీతకాలపు వేకువల బురదనేలలలో పొంచి అడవిబాతులను కొట్టుచు, వానినే రమ్యముగ చిత్రించుచుండెను. ఒకసారి గుండుదెబ్బ తిన్న బాతొకటి కాళ్లు విరిగి, ఎవ్వరును చేరజాలని ఊబిలో పడెను. మరునాడు చూడగా అది యింకను ప్రాణముతోనే యుండెను. ఆ దృశ్య మాతని మనస్సును వీడలేదు. క్రమముగా వేట మానెను.

1946 లో సెవర్ను నదీతీరమున స్లింబ్రిడ్జివద్ద నీటిపక్షుల రక్షణకై సంఘమును స్థాపించి, అచ్చటనే కాపురముండెను. ఇంటి పెద్ద గవాక్షమున కెదుటనే చెరువు. సైబీరియానుండి చలికాలమున వచ్చు హంసల ముక్కులపై పసుపు నలుపు మచ్చలు ఏ రెంటికిని ఒకే తీరున నుండవని 1964 లో గుర్తించి, ఒక్కొక్కదాని ముఖమును గీచి, పేరు పెట్టి, మరుసటేట తిరిగి వచ్చిన వేవో, రాని వేవో వ్రాసికొనుచుండెను. మన తరగతి హాజరుపట్టీ యిట్టిదే గదా!

పిమ్మట ఆ సంఘము ఊజ్ నదీప్రాంతమున వెల్నీవద్దను భూమి సంపాదించెను. పొలములను వరదనుండి కాచుటకై పదునేడవ శతాబ్దమున త్రవ్విన రెండు కాలువల నడిమి బయలది. శీతకాలమున నదీజలము దానిని ముంచగా వేలకొలది హంసలు, బాతులు దిగును. చూడవచ్చినవారు కూర్చుండునవి వేటగాని మాటువంటి గుడిసెలే. చేత తుపాకికి బదులు దుర్భిణి యుండును.

1973 లో సర్ బిరుదము నందిన స్కాట్ 1989 ఆగస్టు 29 న, ఆ యేటి హంసలు రాకమున్నే, దివంగతుడయ్యెను.