చిత్రకళా తపస్వి కొండపల్లి శేషగిరిరావు

తెలుగునాట ఆధునిక చిత్రకళకు రూపురేఖలు దిద్దిన ప్రముఖులలో కొండపల్లి శేషగిరిరావు ఒకరు. ఓరుగల్లు సీమలో పుట్టి, హైదరాబాదులో పాశ్చాత్య చిత్రణ పద్ధతిని అభ్యసించి, శాంతినికేతనంలో ప్రాచ్య కళామర్మాలను గ్రహించిన ఆయన ఆ మూడింటినీ తన కుంచెలో సమన్వయం చేసుకున్నారు. పరాయి విద్యను ఆదరంతో నేర్చుకుంటూనే సొంత నేల పోలికను నిలుపుకోవడం ఎట్లా అన్నది ఆ కాలపు కళాకారులందరినీ వేధించిన ప్రశ్న. ఆయన జీవితం ఆ ప్రశ్నకు లభించిన సమాధానాలలో ఒకటి.

శేషగిరిరావు 1924 జనవరి 27వ తేదీన పెనుగొండ గ్రామంలో జన్మించారు. నాడు వరంగల్లు జిల్లాలో ఉన్న ఆ గ్రామం నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. అప్పటికి ఆ ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉండేది. పల్లెలలో చిత్రకళను పాఠంగా బోధించే వసతి లేకపోయినా, కంటికి కళాపరిచయం కలిగించే సంపదకు మాత్రం లోటు లేదు. కాకతీయులు తవ్వించిన చెరువులు, శిథిలమైనా శోభ తగ్గని గుడులు, నల్లరాతి నందులు ఆ సీమ అంతటా కనిపిస్తాయి. జనగామకు చేరువలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు పొడవాటి గుడ్డలపై కులపురాణాలను చిత్రించేవారు. కథకులు ఆ పటాలను ఊరూరా విప్పి చూపుతూ పాడేవారు. ఇటువంటి సీమలో పెరిగిన బాలునికి బొమ్మ గీయడం వింత విద్యగా తోచకపోవడం సహజమే.

అయితే ప్రతిభ ఒక్కటే చాలదు. చదువుకు ఆసరా కూడా కావాలి. ఆ ఆసరా ఆయనకు నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ రూపంలో లభించింది. నిజాం ప్రభుత్వంలో ఉన్నతాధికారిగా పనిచేసి, అనంతరం 1960లో గుజరాత్ రాష్ట్రానికి తొలి గవర్నరైన ఆ ఉదారుడు శేషగిరిరావులోని నైపుణ్యాన్ని గుర్తించి ప్రోత్సహించారు. ఆయన తోడ్పాటుతో శేషగిరిరావు హైదరాబాదులోని ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో చేరారు. అక్కడ పాశ్చాత్య పద్ధతిలో శరీర నిర్మాణం, వెలుగునీడల పొందిక, దూరదృశ్య చిత్రణ మొదలైన అంశాలలో గట్టి పునాది ఏర్పడింది. ఉన్నదాన్ని ఉన్నట్లు చూపగల నేర్పు చేతికి వచ్చింది. ఆ తరువాత జంగ్ ప్రోత్సాహంతోనే ఆయన వంగదేశంలోని శాంతినికేతనానికి వెళ్ళారు.

శాంతినికేతనంలోని కళాభవనం 1919లో రవీంద్రనాథ ఠాగూరు సంకల్పంతో ఏర్పడింది. దానిని తీర్చిదిద్దిన ఆచార్యుడు నందలాల్ బోస్. ఆయన యౌవనంలో అజంతా గుహలకు వెళ్ళి అక్కడి కుడ్యచిత్రాలకు ప్రతులు వ్రాసినవారు. ఆ గుహలు నాడు నిజాం రాజ్యంలోనివే కావడం గమనించదగిన విషయం. అంటే తన రాజ్యపు సంపదలోని సౌందర్యాన్ని శేషగిరిరావు ఎంతో దూరాన ఉన్న గురువు కన్నులతో మరల దర్శించారన్నమాట. జపాను చిత్రకారుల రాకతో 1903 ప్రాంతంలో వంగదేశానికి పరిచయమైన, తడి రంగును పొరలు పొరలుగా పరచి కడిగే విధానం కూడా అక్కడి సంప్రదాయంలో భాగమైంది. చీనా చిత్రకళలోని రేఖాలాఘవం పట్ల కూడా ఆ ఆశ్రమంలో గౌరవముండేది. పాశ్చాత్య పాఠం ఆయనకు ఆకారాన్ని నేర్పగా, శాంతినికేతనం రేఖలోని ప్రాణాన్ని చూపింది.

అదే కాలంలో ఆసియాలోని మరొక దేశం కూడా ఇటువంటి సంధిలోనే నిలిచింది. వియత్నాం నాడు ఫ్రెంచి వలస పాలనలో ఉండేది. 1925లో హనోయి నగరంలో ఇండోచైనా లలితకళా పాఠశాల ప్రారంభమైంది. ఫ్రెంచి చిత్రకారుడు విక్టర్ తార్ద్యూ దానికి అధిపతి. ఆయనకు తోడుగా నిలిచి ఆ సంస్థను నెలకొల్పినవాడు వియత్నాం చిత్రకారుడు న్గుయెన్ నామ్ సోన్. అక్కడి విద్యార్థులు తైలవర్ణ చిత్రణను నేర్చుకున్నారు గాని అంతటితో ఆగలేదు. న్గుయెన్ ఫాన్ చాన్ పట్టుగుడ్డపై తన పల్లెజీవితాన్ని చిత్రించగా, ఆ చిత్రాలు 1931లో పారిస్ ప్రదర్శనలో మన్నన పొందాయి. న్గుయెన్ జా చీ మొదలైనవారు చెట్టుపాలతో తయారయ్యే సంప్రదాయపు మెరుగుపూతను పెట్టెల అలంకరణ నుండి తప్పించి ఉన్నత చిత్రకళకు సాధనంగా మార్చారు. చీనా ప్రభావం, ఫ్రెంచి శిక్షణ, సొంత చేతిపనుల వారసత్వం అనే మూడు పాయలు కలిసి వారి ఆధునిక కళ ఏర్పడింది. శేషగిరిరావు నడిచిన మార్గమూ దీనికి దూరమైనది కాదు.

శాంతినికేతనం నుండి తిరిగివచ్చిన శేషగిరిరావు వంగ చిత్రకారులకు అనుకర్తగా మిగిలిపోలేదు. తాను నేర్చిన రేఖను తెలుగు నేలకు అన్వయించారు. కాకతీయ శిల్పం ఆయనను జీవితాంతం ఆకర్షించింది. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన రామప్పగుడి మదనికలు, నేటి భూపాలపల్లి జిల్లాలోని ఘనపురం కోటగుళ్ళు ఆ శిల్పవైభవానికి సాక్ష్యాలు. రామప్పగుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. అంతకు ఎన్నో దశాబ్దాల ముందే ఆయన ఆ శిల్ప సంప్రదాయంలోని అంగభంగిమలను, నాట్యలయను తన చిత్రాలకు ఆదర్శంగా స్వీకరించారు. శకుంతల వంటి కావ్యనాయికలను, పురాణ ఘట్టాలను చిత్రించారు. దక్కను పీఠభూమిలోని బండరాళ్ళలో సైతం ఆయన సౌందర్యాన్ని దర్శించారు.

ఆయనకు విశేష కీర్తి తెచ్చినవాటిలో పోతన చిత్రం ఒకటి. పోతన పేరుతో ముడిపడిన బమ్మెర గ్రామం నేటి జనగామ జిల్లాలో ఉంది. పదిహేనవ శతాబ్దపు ఆ మహాకవి ఎట్లా ఉండేవాడో చూపే ఆధారమేదీ లేదు. రాజు రూపమైతే శిల్పంలోనో నాణెంపైనో వెదకవచ్చు. తన కావ్యాన్ని రాజులకు అంకితమివ్వక శ్రీరామునికి సమర్పించి, హలం పట్టి జీవించాడని ప్రజలు చెప్పుకునే కవికి అటువంటి గుర్తులు ఎక్కడివి? అటువంటప్పుడు చిత్రకారుడు చూడవలసినది ముఖాన్ని కాదు, స్వభావాన్ని. భాగవతంలోని భక్తినీ, ప్రజల స్మృతిలోని నిరాడంబరతనూ కలిపి శేషగిరిరావు ఒక రూపాన్ని కల్పించారు. కవి సీమకు చెందిన చిత్రకారుడే ఆ కవికి రూపమివ్వడం సముచితమైన విషయం.

చిత్రకారుడుగా ఎంతటివారో ఉపాధ్యాయుడుగానూ ఆయన అంతటివారు. తాను విద్యార్థిగా అడుగుపెట్టిన హైదరాబాదులోనే లలితకళా కళాశాలలో దీర్ఘకాలం బోధించి, అనేకమంది యువకళాకారులకు మార్గం చూపారు. చిత్రకళను గురించి తెలుగులో వ్యాసాలు కూడా రచించారు. కళను గీయడమే కాక, దానిని సొంత భాషలో వివరించడం కూడా అవసరమని ఆయన భావించారనడానికి ఆ రచనలే నిదర్శనం.

2012లో హైదరాబాదులో ఆయన కన్నుమూశారు. పెనుగొండలో మొదలైన ఆ ప్రస్థానం ఎనభై ఎనిమిదేళ్ళు సాగింది. పాశ్చాత్య శిక్షణను ఆయన తిరస్కరించలేదు. వంగదేశపు దీక్షను దాచుకోలేదు. అయినా ఆయన చిత్రాలు తెలుగువారి చిత్రాలుగానే నిలిచాయి. వేర్లు తన నేలలో లోతుగా ఉన్న చెట్టును ఏ దిక్కు నుండి వీచిన గాలీ పెకలించలేదు. దాని కొమ్మలను మాత్రం కదిలించి కొత్త చిగురు వేయిస్తుంది. శేషగిరిరావు కళాజీవితం యువతరానికి అందించే సందేశం ఇదే.