బొమ్మకు మాట తెచ్చిన తెగువ

తెలుగు చలనచిత్ర పితామహుడు రఘుపతి వెంకయ్యనాయుడుగారు 1869లో మచిలీపట్నంలో జన్మించారు. మద్రాసులో ఫోటో స్టూడియో నడిపేవారు. మూకీల రోజుల్లోనే బొమ్మకు మాట జతచేయాలని, 1910 ప్రాంతంలో ఆ స్టూడియోను తాకట్టుపెట్టి క్రోనోమెగాఫోన్ తెప్పించారు. బొమ్మ ప్రొజెక్టరుది, శబ్దం గ్రామఫోను రికార్డుది. రెంటి వేగమూ కలవాలి. ముల్లు ఒక్క గీత దాటితే పెదవులొక దారి, మాటొక దారి! ఆ యంత్రంతోనే బర్మా, సింహళం దాకా తిరిగి, తరువాత మద్రాసులో గెయిటీ సినిమాహాలు కట్టారు.

1930లలో టాకీలు స్థిరపడ్డాక శబ్దం ఫిల్ము అంచునే అచ్చయి వచ్చింది. పాత మూకీ ప్రొజెక్టర్లకు దానిని చదివే సౌండ్‌హెడ్ బిగించారు. ఆ బెడద తీరింది. ఆ రోజులు చూసే ఆయన 1941లో కన్నుమూశారు.

జి.పి.ఎఫ్. అడ్వాన్సుకే నెల్లాళ్ళు ఆలోచించిన గుమాస్తాను నేను. అన్నం పెట్టే స్టూడియోనే పణంగా పెట్టిన ఆయన తెగువకు నమస్కరిస్తున్నాను.