ఎర్రమాత్ర వెనుక యల్లాప్రగడ

కాట్రేనికోన: మండలంలోని బలుసుతిప్ప, పల్లం వంటి తీరగ్రామాల మొదలు దేశంలోని ప్రతి పల్లె వరకు గర్భిణులకు ఆరోగ్య కార్యకర్తలు ఒక ఎర్రమాత్రను అందజేస్తుంటారు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. రక్తహీనత రాకుండా వేసుకునే మాత్రగానే అందరూ దానిని ఎరుగుదురు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి సారథి మన గోదావరి డెల్టా బిడ్డ డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అన్న సంగతి కొందరికే తెలుసు. ఆ పదార్థం మేలు రక్తంతోనే ఆగక కడుపులోని శిశువు మెదడుకూ చేరుతుందని, పెరిగి పెద్దయిన తరువాతి మానసిక ఆరోగ్యంతోనూ దానికి సంబంధం ఉండవచ్చునని తెలిసినవారు మరీ తక్కువ.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యంతో ఆయన ముందుగానే ఉద్యోగం మానుకోవడంతో కుటుంబం ఇబ్బందుల పాలైంది. ఇంటి లేమిని చూడలేక బాలుడైన సుబ్బారావు, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలన్న తలంపుతో ఇల్లు విడిచి బయలుదేరాడు. తల్లి వెంకమ్మ దారిలోనే పట్టి వెనక్కు తెప్పించింది. చదువుపై కుదురులేని ఆ పిల్లవాడు మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి మూడు ప్రయత్నాలు పట్టాయి. ఖర్చుల కోసం తన నగలను సైతం అమ్ముకున్న ఆ తల్లి పట్టుదలే లేకుంటే ఈ కథ రాజమండ్రి దాటేది కాదు. తరువాత సన్యాసం స్వీకరించాలని రామకృష్ణ మఠాన్ని ఆశ్రయించినా, తల్లి అనుమతి దొరకక వైద్యవిద్య వైపు మళ్లారు.

మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించడం ఆంగ్లేయ ఆచార్యునికి ఆగ్రహం తెప్పించింది. ఫలితంగా ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1919లో అనపర్తికి చెందిన శేషగిరితో వివాహమైంది.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది మాత్రం పట్టా కాదు, స్ప్రూ అనే జబ్బు. తిన్న ఆహారంలోని సారాన్ని పేగులు గ్రహించలేక మనిషి ఎముకల గూడుగా మారే రోగమది. ఎదుట విస్తరి నిండుగా ఉన్నా దేహం ఆకలితో అలమటిస్తుంది. అన్నదమ్ములు పురుషోత్తం, కృష్ణమూర్తి స్వల్ప వ్యవధిలో దానికి బలయ్యారు. సుబ్బారావునూ అదే రోగం పట్టుకోగా డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. దాని మూలం తెలుసుకోవాలన్న తపనతోనే, మామగారి సహాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతోను 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. మళ్లీ స్వదేశానికి రాలేదు.

హార్వర్డ్‌లో చదువుతూ, పొట్టకూటికి రాత్రివేళ ఆసుపత్రిలో చిన్న పనులు చేశారు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే విధానాన్ని సైరస్ ఫిస్క్‌తో కలసి 1925లో ప్రకటించారు. అనంతరం కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలపై వారి పరిశోధన వెలువడింది. ఇంత చేసినా అక్కడ శాశ్వత ఆచార్య పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ సమీపాన పెర్ల్ రివర్‌లోని లెడర్లీ సంస్థలో పూర్తికాలం చేరారు.

రక్తహీనతకు కాలేయం మందుగా పనిచేస్తుందని అప్పటికే తెలుసు. అంతకుముందే 1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, బొంబాయి గర్భిణుల్లో కనిపించిన ఒక విధమైన రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతున్నదని వెల్లడించారు. అందులోని పదార్థమేదో ఎవరికీ అంతుపట్టలేదు. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు టన్నుల కొద్దీ పాలకూర నుంచి దానిని వేరుచేసి, లాటిన్‌లో ఆకును సూచించే పదంతో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. సుబ్బారావు సారథ్యంలోని లెడర్లీ బృందం 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను పొట్టనబెట్టుకున్న స్ప్రూ రోగులకు డాక్టర్ టామ్ స్పైస్ ఇచ్చి చూడగా, వారిలో రక్తం వృద్ధిచెందింది. పాతికేళ్ల కిందటి బాకీ అలా కొంత తీరింది.

అయితే ఒక నిరాశ మిగిలింది. ప్రాణాంతకమైన పెర్నీషియస్ అనీమియాకు కూడా ఇదే విరుగుడు కాగలదని ఆశించారు. ఫోలిక్ ఆమ్లం ఆ రోగుల రక్తాన్ని బాగుచేసింది గాని, నరాల క్షీణతను ఆపలేకపోయింది. అసలైన మందు బి12 విటమిన్ అని 1948లో తేలింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు 53వ ఏట గుండెపోటుతో నిద్రలోనే కన్నుమూశారు. అందుకే బి12 లోపించినవారికి ఒక్క ఫోలిక్ ఆమ్లమే ఇవ్వరాదని వైద్యులు నేటికీ హెచ్చరిస్తారు.

ఆయన చూడలేకపోయిన అధ్యాయం ఆ తరువాత మొదలైంది. వెన్నుపూస చీలిన బిడ్డను అంతకుముందు కన్న తల్లులపై ఏడు దేశాల్లో జరిపిన పరిశోధన 1991లో వెలువడింది. గర్భధారణకు ముందునుంచే ఫోలిక్ ఆమ్లం వాడితే మళ్లీ అటువంటి బిడ్డ పుట్టే ప్రమాదం 72 శాతం తగ్గుతుందని తేల్చింది. శిశువు మెదడుకు, వెన్నుపాముకు పునాది అయిన నాడీనాళం గర్భం నిలిచిన 28వ రోజుకే మూసుకుంటుంది. అనేకులకు అప్పటికి తాము గర్భవతులమన్న సంగతే తెలియదు.

మనసు మాటకు వస్తే, నెదర్లాండ్స్‌లో 1944-45 శీతాకాలంలో జర్మన్ దిగ్బంధం వల్ల కరవు వచ్చింది. అది తీవ్రంగా ఉన్న నెలల్లో తల్లి కడుపున పడ్డవారు పెద్దయ్యాక, వారిలో స్కిజోఫ్రెనియా సుమారు రెండింతలుగా కనిపించిందని 1990ల్లో పరిశోధకులు గుర్తించారు. అదే కాలంలో నాడీనాళ లోపాలూ పెరిగాయి. గర్భం చివరి నెలల్లో ఆకలిని చవిచూసినవారిలో తీవ్రమైన కుంగుబాటు అధికంగా నమోదైంది. చైనాలో 1959-61 కరవునాటి పిల్లలలోనూ స్కిజోఫ్రెనియా విషయంలో దాదాపు ఇదే ఫలితం వచ్చింది. బార్బడోస్ దీవిలో తొలి ఏడాదిలోనే పోషకాహార లోపానికి గురైన శిశువులు, తరువాత ఒంటికి కోలుకున్నా, ఏకాగ్రత లోపంతో నడివయసు వరకు బాధపడుతున్నట్లు తేలింది.

దీనికంతటికీ ఫోలిక్ ఆమ్ల లోపమే కారణమని నిర్ధారణ కాలేదు. అనుమానితుల్లో అది ఒకటి, అంతే. ఇనుము, అయోడిన్, మాంసకృత్తులు, తల్లి పడిన మనోవేదన కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కరవులో పుట్టినవారిలోనూ అత్యధికులకు ఏ మానసిక రుగ్మతా రాలేదన్నదీ మరువరాదు. ఆకలిగొన్న తల్లిని నిందించడానికి ఈ లెక్కలు పనికిరావు.

కోనసీమ పెరళ్లలో బచ్చలి, తోటకూర, మునగాకులకు, డెల్టా పొలాల్లో మినుములు, పెసలకు కొదవలేదు. ఫోలేట్ ఉన్నది వాటిలోనే. ఆకుకూరను అతిగా ఉడికించి నీరు పారబోస్తే మాత్రం చాలావరకు పోతుంది. ఇక మాత్ర విషయం. గర్భం నమోదైన తరువాత అందేసరికి నాడీనాళం మూసుకోవలసిన గడువు తరచూ దాటిపోతోంది. కౌమార బాలికలకు బడిలో, అంగన్‌వాడీలో వారానికొకటి చొప్పున ఇచ్చే నీలిమాత్రలోనూ ఉన్నది అదే ఫోలిక్ ఆమ్లం.